మెడలోని మీట, తెగిన తీగ

బ్రిటనున సుమారు 18 లక్షలమంది, విశేషించి వృద్ధులు, ఇంటనుండు అపాయసూచక యంత్రములపై ఆధారపడియున్నారు. కాలుజారి పడిన ముదుసలి మెడలోని మీట నొక్కినచో టెలిఫోను తీగవెంట సహాయకేంద్రమునకు పిలుపు పోవును. పాత రాగితీగకు విద్యుత్తు ఎక్స్ఛేంజినుండియే వచ్చును గనుక, ఇంట దీపము లారినను లైను చెడదు. ఆ తీగలకు బదులు కంపెనీలు పెట్టుచున్న ఇంటర్నెట్టు మార్గమునకు ఇంటి కరెంటే ప్రాణము.

కొన్ని యిండ్ల మీటలు మూగవోయిన పిదపగాని, 2023 డిసెంబరులో ప్రధాన కంపెనీలు బలవంతపు మార్పిడిని నిలుపుట కొప్పుకొనలేదు. 2025 డిసెంబరు గడువును పిమ్మట 2027 జనవరికి జరిపిరి. నియంత్రణసంస్థ కోరిన కనీసపు బ్యాటరీ రక్షణయో, ఒక్క గంట! వృద్ధులు ఆ వ్యవధి చూచుకొనియే పడవలెను కాబోలు. 2021 నవంబరునాటి ఆర్వెన్ తుపానున వేలకొలది యిండ్లు వారమునకు పైగా చీకటిలో నుండెను. మీట పలుకునని ఆ యింటనే పరీక్షించి చూపువరకు తీగ తెంపు అధికారము కంపెనీ కుండరాదు.