యజమాని ప్రేమిస్తే...?

చుట్టూ మంటలు. పైకప్పు ఏ క్షణాన కూలుతుందో తెలీదు. ఒకడికి రెండు కాళ్లూ తెగిపోయాయి, ఇక లేవలేడు. రెండోవాడు తలచుకుంటే బయటపడగలడు. దారి తెలుసు. కాస్త సమయమూ ఉంది. అయినా వెనక్కి తిరిగొచ్చి అతని పక్కన కూర్చుంటాడు. సిగరెట్లు తీస్తాడు. ఇద్దరూ చెరొకటీ వెలిగించుకుంటారు...

ఇంతవరకూ వింటే ఎవరో ప్రాణస్నేహితుల కథ అనిపిస్తుంది. లేదంటే ఏ ప్రేమికుల కథో. కళ్లు చెమ్మగిల్లడం ఖాయం. కానీ ఒక్క సంగతి చెబితే ఆ చెమ్మ అక్కడే ఆరిపోతుంది. కాళ్లు పోయినవాడు యజమాని. తిరిగొచ్చినవాడు అతని 'పెట్'. అవును, కుక్కపిల్లను పెంచుకున్నట్టు పెంచుకున్న మనిషి!

జపాన్ రచయిత్రి రియెకో యోషిహారా రాసిన 'ఐ నో కుసబి' ముగింపు ఇది. 1986-87లో 'జూనే' అనే పత్రికల కుటుంబంలో సీరియల్‌గా వచ్చింది. 1990లో పుస్తకమైంది. 1992లో ఒకటి, 1994లో ఒకటి... రెండు భాగాలుగా యానిమేషన్ వీడియో తీశారు. 2007 నుంచి ఇంగ్లిష్‌లోనూ దొరికింది. మగవాళ్ల మధ్య ప్రేమను ఆడవాళ్లు రాసి, ఆడవాళ్లే ఎక్కువగా చదివే సాహిత్యం జపాన్‌లో ఒక పెద్ద పాయ. దాన్ని 'యావొయి' అన్నారు, ఇప్పుడు 'బాయ్స్ లవ్' అంటున్నారు. అందులో ఈ నవలకు క్లాసిక్ హోదా ఉంది. ఇది పెద్దల నవల, పిల్లల చేతికిచ్చేది కాదు. అయినా దీని గురించి మాట్లాడుకోవాల్సిందే. ఎందుకంటే, చదివినవాళ్లను దాదాపు నలభై ఏళ్లుగా ఇది అడకత్తెరలో పోకచెక్కను చేసింది. నచ్చిందని చెప్పుకోలేరు. నచ్చలేదని పక్కన పెట్టనూ లేరు.

మ్యాప్‌లో లేని పేట

కథ జరిగేది అమోయ్ అనే గ్రహం మీద. అక్కడి తనగుర నగరాన్ని ఏలేది రాజూ కాదు, మంత్రీ కాదు. జూపిటర్ అనే మహా కంప్యూటర్. తన పాలన కోసం అది ప్రత్యేకంగా మనుషులను తయారు చేయించుకుంది. వాళ్లలో ఎవరు గొప్పో జుట్టు రంగే చెబుతుంది. బంగారు రంగు జుట్టున్న 'బ్లాండీ'లది అన్నిటికంటే పైమెట్టు. ఇయాసన్ మింక్ వాళ్లలోనూ మొనగాడు.

పక్కనే విలాసాల నగరం మిడాస్. దాని అంచున సీరిస్ అనే మురికివాడ. ఒకప్పుడు ఎదురు తిరిగిన పాపానికి ఆ పేటను అధికారిక మ్యాప్‌లోంచే చెరిపేశారు. అక్కడ పుట్టినవాళ్లకు గుర్తింపు కార్డు ఉండదు. కార్డు లేనివాడు మనిషి లెక్కలోకి రాడు. వాళ్లను పిలిచే పేరుకు అర్థం 'సంకరజాతి'. మన రికి అక్కడివాడే. ఓ కుర్రగ్యాంగుకు నాయకుడు. ఒళ్లంతా పొగరు.

ఓ రాత్రి మిడాస్‌లో జేబు కొడుతూ దొరికిపోతాడు. ఇయాసన్ కాపాడతాడు. ఎవడి దగ్గరా అప్పు ఉంచుకోవడం రికికి గిట్టదు. ఆ పొగరే ఇయాసన్ కంట్లో పడింది. చివరికి రికిని తీసుకెళ్లి పెట్‌గా పెట్టుకుంటాడు. బ్లాండీలు పెట్‌లను పెంచేది ప్రేమతో కాదు, దర్జా కోసం. మంచి జాతి చూసి కొంటారు, కొన్నాళ్లు ముచ్చట తీర్చుకుని వదిలించుకుంటారు. అలాంటిది ఇయాసన్ సంకరజాతివాణ్ని తెచ్చాడు, పైగా మూడేళ్లు ఉంచుకున్నాడు. తోటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మనిషికి గొలుసు వేయడం వాళ్లకు తప్పుగా తోచలేదు మరి... నాసిరకం మనిషికి వేయడం మాత్రం తప్పయిపోయింది!

ఈ వివరాల్లో యోషిహారా పదును కనిపిస్తుంది. ఆ ఇళ్లలో పెట్‌లకు సేవ చేసే కుర్రాళ్లు ఉంటారు. వాళ్లను 'ఫర్నిచర్' అంటారు. పనివాడు, నౌకరు... ఇలాంటి మాటలేవీ ఉండవు. కుర్చీ, బల్ల, బీరువా లాగా వాళ్లూ ఫర్నిచరే. కాట్జే అనేవాడు ఒకప్పుడు అలాంటి ఫర్నిచరే. చూడకూడని సమాచారంలోకి తొంగి చూసినందుకు ఇయాసన్ అతని చెంప మీద గాటు పెట్టాడు. ఆ తర్వాత తన దొంగవ్యాపారం చూసుకోమని అతన్నే నియమించాడు. కాట్జే ఆ మచ్చను మోస్తూనే నమ్మకంగా పనిచేస్తాడు. రికి కథలో ప్రేమ ఉందా లేదా అన్న వాదన కాసేపు పక్కన పెట్టినా, ఒక వ్యవస్థ మనిషిని ఎలా మలుస్తుందో కాట్జే ముఖం చూస్తే చాలు. అసలు నవల అతని గురించే రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించే చోట్లూ ఉన్నాయి.

ఇంత కఠినంగా లోకాన్ని కట్టిన రచయిత్రే, ఆ గొలుసు పట్టుకున్న చేతిని ప్రేమించదగిన చెయ్యిగా చూపిస్తుంది. చిక్కంతా అక్కడే.

రాజీనామా హక్కు

పొగరుబోతు ధనవంతుడైన హీరో, ఆత్మాభిమానం గల నాయిక... తెలుగు పాఠకులకు ఇది కొత్తేం కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం యజమాని, జయంతి ఉద్యోగిని. 1976లో సినిమాగా కూడా వచ్చింది. ఆ నవల చదివి రాజశేఖరాన్ని కలల్లో నిలుపుకొన్న తరం ఇప్పుడు మనవలను ఆడిస్తోంది. అధికారం, డబ్బు, కాస్త అహంకారం... వీటి వెనక దాగిన ప్రేమను ఏ అమ్మాయో బయటికి లాగుతుందన్న ఊహలో ఏదో మత్తు ఉంది. ఏ దేశంలోనైనా ప్రేమ నవలలు దాని మీదే బతికాయి.

తేడా ఒక్కటే. జయంతి రాజీనామా చేయగలదు. రికి చేయలేడు.

ఈ ఒక్క తేడా మొత్తం లెక్కనే మార్చేస్తుంది. వద్దని చెప్పే హక్కు లేనివాడు సరే అన్నా దానికి విలువేముంది? మూడేళ్ల తర్వాత ఇయాసన్ రికిని ఓ ఏడాది పాటు పేటకు పంపిస్తాడు. చూసేవాళ్లకు విడుదల చేసినట్టే ఉంటుంది. నిజానికి తాడు కాస్త వదులు చేశాడంతే. మళ్లీ కావాలనుకున్నప్పుడు, రికి పాత నేస్తం గైని ఎరగా పెట్టి లాగుతాడు. రికి తనంతట తనే నడిచి వెళతాడు. స్నేహితుణ్ని వదిలేస్తే చాలు, నేనొస్తానని. దీన్ని ప్రేమ అందామా, బెదిరింపు అందామా?

1973లో స్టాక్‌హోమ్ బ్యాంకు దోపిడీలో బందీలు తమను బంధించినవాళ్ల మీదే సానుభూతి చూపించారు. అప్పట్నుంచీ ఇలాంటి కథలన్నిటికీ 'స్టాక్‌హోమ్ సిండ్రోమ్' అని చీటీ అంటించడం అలవాటైంది. ఈ నవలకూ అంటించారు. చీటీ అంటిస్తే పని తేలికవుతుంది కానీ కథ అర్థం కాదు. యోషిహారా రికిని చివరిదాకా లొంగనివ్వదు. అతను తిడతాడు, తిరగబడతాడు, దెబ్బలు తింటాడు. ఇయాసన్ పరిస్థితీ గొప్పగా లేదు. మనసు ఉండకూడదన్నది అతని తరగతి నియమం. జూపిటర్ దృష్టిలో అతనూ ఒక వస్తువే, కాకపోతే ఖరీదైన వస్తువు. యజమానికీ యజమాని ఉన్నాడన్నమాట. ఈ కథను సమర్థించేవాళ్ల మొదటి వాదన ఇదే. ఇది బానిసత్వాన్ని పొగిడే కథ కాదు, ఆ బానిసత్వం పైవాణ్ని కూడా తినేస్తుందని చూపే కథ అంటారు.

వాదన బాగానే ఉంది. కానీ కాస్త తిప్పి చూడండి. పైవాడి ఒంటరితనం మీద పాఠకులకు జాలి పుట్టేసరికి కింద ఉన్నవాడి నొప్పి చిన్నదైపోతుంది. జమీందారుకు రాత్రిళ్లు నిద్ర పట్టదని కథ రాస్తే పాలేరు ఆకలి మర్చిపోయినట్టు!

ఎవరి కోసం రాశారు?

మగవాళ్ల ప్రేమ కథలు ఆడవాళ్లకెందుకు? ఈ ప్రశ్న జపాన్‌లో ఏనాడో వచ్చింది. మోతో హాగియో 'థామస్ హృదయం' 1974లో మొదలైంది, కెయికో తకెమియా 'గాలీ చెట్టూ పాట' 1976లో. రెండూ అమ్మాయిల కామిక్ పత్రికల్లో వచ్చినవే. జూనే 1978లో పుట్టింది. పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం ఆలోచించదగ్గది. మామూలు ప్రేమకథలో బాధపడే పాత్ర ఎప్పుడూ ఆడదే. చదివే ఆడపిల్ల ఆ పాత్రలో దూరక తప్పదు, ఆ దెబ్బలు తన ఒంటి మీదే పడతాయి. ఇద్దరూ మగవాళ్లయితే ఆమె కాస్త దూరంగా నిలబడగలదు. ఒక పేజీలో రికి అవుతుంది, ఇంకో పేజీలో ఇయాసన్. అధికారం రుచీ తెలుస్తుంది, దాని భయమూ తెలుస్తుంది. తన శరీరం మాత్రం క్షేమం. నిజజీవితంలో ఎప్పుడూ కింది మెట్టే దక్కే ఆడపిల్లకు ఆ పైమెట్టు మీద కాసేపు కూర్చోవాలనిపించడం వింతేమీ కాదు.

మరి ఆ మగవాళ్ల సంగతి? 1992లో మసాకీ సాటో అనే స్వలింగ ప్రేమికుడు ఒక స్త్రీవాద పత్రికలో ఘాటైన లేఖ రాశారు. తమ జీవితాలతో ఏ సంబంధమూ లేని అందగాళ్లను బొమ్మల్లా ఆడించి ఆనందిస్తున్నారన్నది ఆయన కోపం. దాని మీద కొన్నేళ్లపాటు వాదప్రతివాదాలు నడిచాయి. 'యావొయి వివాదం' అని దానికి పేరు కూడా పడింది. కొందరు రచయిత్రులు నొచ్చుకున్నారు, కొందరు ఆలోచనలో పడ్డారు. పెట్ కథలు రాసేవాళ్లకు ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఒక మగవాణ్ని గొలుసుతో కట్టి చూపించి, ఇది ప్రేమ అంటే, నిజంగా అలాంటి ప్రేమ కోసం సమాజంతో పోరాడుతున్నవాడికి ఎలా ఉంటుంది?

ఆ తర్వాత ఇదే జపాన్‌లో పూర్తిగా వేరే దారి పట్టిన కథలూ వచ్చాయి. ఫుమి యోషినాగా 2007లో మొదలుపెట్టిన 'నిన్న ఏం తిన్నావ్?'లో ఇద్దరు నడివయసు మగవాళ్లు కలిసి కాపురం చేస్తుంటారు. ఒకరు లాయరు, ఒకరు క్షౌరశాలలో పనిచేస్తారు. సరుకులు ఎక్కడ చవగ్గా దొరుకుతాయి, రాత్రికి కూరేంటి... ఇదే కథ! 2019లో టీవీ సీరియల్‌గానూ వచ్చింది. అలాగని గొలుసు కథలు ఆగాయా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియా రచయిత సి.ఎస్. పకాట్ 'క్యాప్టివ్ ప్రిన్స్'లో ఒక యువరాజు శత్రు యువరాజుకు బానిసగా వెళతాడు. 2015లో పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసింది. దాని మీదా ఇదే తగవు. ప్రాణం పెట్టేవాళ్లు కొందరు, పుస్తకం విసిరికొట్టేవాళ్లు కొందరు.

ఆ ఉంగరం తీసేశాక...

మళ్లీ ఆ మంటల దగ్గరికి వద్దాం. పెట్‌లకు విప్పడానికి వీల్లేని ఉంగరం ఒకటి ఉంటుంది. యజమాని తలచుకుంటే అది నొప్పి పుట్టిస్తుంది. రికిని విడిపించాలని గై కంకణం కట్టుకుంటాడు. ఎత్తుకుపోయి, పాత కోటలో దాచి, ఆ ఉంగరాన్ని తొలగిస్తాడు. రికిని అడగడు. అతని శరీరాన్ని దారుణంగా గాయపరిచి మరీ తొలగిస్తాడు. అంటే విడిపించడానికి వచ్చినవాడు కూడా రికి తన సొత్తే అనుకున్నాడు. ప్రేమ పేరుతో ఒకడు కట్టేశాడు, ప్రేమ పేరుతోనే ఇంకొకడు కోసేశాడు. యోషిహారా ఈ నవలలో రాసిన అత్యంత నిష్ఠురమైన ఘట్టం ఇదే. ఇయాసన్‌ను వెనకేసుకొచ్చే పాఠకులు దీన్ని ఎందుకు ఎక్కువగా తలుచుకోరో తెలీదు.

కోట పేలుతుంది. వచ్చిన ఇయాసన్ కాళ్లు పోగొట్టుకుంటాడు. స్పృహ లేని గైని రికి బయటికి తెచ్చి కాట్జేకు అప్పగిస్తాడు. అతని దగ్గర సిగరెట్లు తీసుకుని వెనక్కి వెళతాడు. ఇప్పుడు ఉంగరం లేదు. బెదిరించేవాళ్లు లేరు. కదల్లేని ఇయాసన్ ఆపనూ లేడు, రప్పించనూ లేడు. కథ మొత్తంలో రికి ఎవరి బలవంతమూ లేకుండా వేసిన అడుగు అదొక్కటే. ఆ అడుగు చావులోకి.

అది ప్రేమే అని కొందరు ఏడుస్తారు. అన్నేళ్లు కట్టేశాక బయట అతనికి మిగిలిందేముంది, ఇంకెక్కడికి పోతాడని కొందరు మండిపడతారు. ఒకే పాఠకురాలు ఇరవై ఏళ్లప్పుడు ఏడ్చి, నలభై ఏళ్లకు మండిపడినా ఆశ్చర్యం లేదు. పేరులోనే ఆ పేచీ ఉంది. 'ఐ' అంటే ప్రేమ. 'కుసబి' అంటే రెండు కొయ్యల మధ్య దిగగొట్టే చీల. ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు... అది బిగించడానికీ పనికొస్తుంది, చీల్చడానికీ పనికొస్తుంది.

2012లో ఈ కథను కొత్త హంగులతో మళ్లీ యానిమేషన్‌గా మొదలుపెట్టారు. నాలుగు భాగాలొచ్చి ఆగిపోయింది. కథ ఆ కోట దాకా వెళ్లనే లేదు. ఆ చివరి సిగరెట్టు చూడాలంటే ఇప్పటికీ 1994 నాటి పాత వీడియోయే దిక్కు.