సిద్ధం కావలసింది రైతు కాదు

పశువుల చెవి ట్యాగుల మాట వస్తే చాలు, రైతులకు అవగాహన లేదు, సదస్సులు పెట్టి వాళ్లను సిద్ధం చేయాలి అంటారు. నేను ఒప్పుకోను. సుడి, కొమ్ము, మచ్చ చూసి మందలో తన పశువును పోల్చుకునే మనిషికి గుర్తింపు విలువ ఒకరు చెప్పాలా?

గుర్తింపు అక్కర్లేదని కాదు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు చెలరేగినప్పుడు సంతల్లో చేతులు మారిన గొర్రెలు ఎటు పోయాయో వెంటనే తేల్చలేకపోయారు. 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఆ దెబ్బతోనే ఐరోపా సమాఖ్య 2010 నుంచి గొర్రెలకు ఎలక్ట్రానిక్ ట్యాగు తప్పనిసరి చేసింది. 2017లో ఆ పని మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం రైతు మీద భారం వేసి ఊరుకోలేదు. సంతల్లో, కబేళాల్లో రీడర్లు పెట్టడానికి డబ్బిచ్చింది.

మన దగ్గర 2019 నుంచి గాలికుంటు టీకాతో పాటు 12 అంకెల ట్యాగు వేస్తున్నారు. అందులో చిప్పు లేదు, బార్‌కోడ్ ఉంది. టీకా వివరం భారత్ పశుధన్ యాప్‌లోకి ఎక్కుతుంది. అదే ఆవును పెబ్బేరు సంతలో అమ్మితే? ఎవరో ఒకరు పనిగట్టుకుని ఎక్కిస్తే తప్ప కొన్నవాడి పేరు అందులోకి రాదు. మేత కోసం పాలమూరు నుంచి జిల్లాలు దాటిపోయే గొర్రెల మంద సంగతి సరేసరి. దారిలో పుట్టిన పిల్లను ఏ ఊరి ఆసుపత్రి రాసుకుంటుంది? 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటిది తెలంగాణ, రెండోది ఆంధ్రప్రదేశ్. ఇది చిన్న ప్రశ్న కాదు.

తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీనే చూడండి. ప్రతి గొర్రెకూ ట్యాగు ఉండాలన్నారు. తీరా డూప్లికేట్ ట్యాగులు బయటపడ్డాయని కాగ్ నివేదిక చెప్పింది. ఆ ట్యాగుల లెక్క గొల్లకురుమల చేతిలో లేదు, రికార్డులు రాసేవాళ్ల చేతిలో ఉంది. మరి అవగాహన ఎవరికి కావాలి?

అన్నిటికంటే నన్ను బాధించేది బీమా. ట్యాగు లేకపోతే క్లెయిము లేదన్నది అక్కడి నియమం. కంపచెట్లకు తగులుకుని చెవి చిరుగుతుంది, ట్యాగు ఎక్కడో రాలిపోతుంది. ఆ తర్వాత గేదె చనిపోతే పాడి మీద బతికే ఇల్లు రెండోసారి నష్టపోతుంది. ఇది తెలిసిన రైతు వెనకాడితే అజ్ఞానం అంటారా?

తప్పనిసరి అనే ముందు ప్రభుత్వం చేయవలసిన పని ఉంది. ట్యాగు పోయినా టీకా రికార్డు, ఫొటో, పశువైద్యుడి ధ్రువీకరణ చూసి క్లెయిము చెల్లించాలి. ఊడిన ట్యాగు స్థానంలో కొత్తది రుసుము లేకుండా, ఊళ్లోనే వేయాలి. ప్రతి పశువుల సంతలోనూ కొనుగోలు అక్కడికక్కడే నమోదు చేసే మనిషిని కూర్చోబెట్టాలి.