నాన్న కారులోనే ఉండాలి

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగిందంటే మా చెల్లెలి మనవరాలే. టెక్సస్‌లో వాళ్లకు అప్పుడు పొద్దున. చర్చికి బయల్దేరేముందు ఓ పది నిమిషాలు నాతో కబుర్లాడుతుంది. పదకొండో తరగతి. మొన్న మాత్రం గొంతులో హుషారు లేదు.

‘‘తాతయ్యా, స్కూల్లో మా బైబిల్ క్లబ్బు మూసేద్దామనుకుంటున్నా. పోయినేడాది పద్నాలుగు మందిమి. ఇప్పుడు ముగ్గురం.’’

ఏమైందమ్మా అంటే సీనియర్లు తొమ్మిదిమంది చదువైపోయి వెళ్లిపోయారంది. లెక్కల మాస్టారుగా ముప్ఫయ్యేళ్లు చేసినవాణ్ని. పద్నాలుగులో తొమ్మిది పోతే ఐదు. మరి ఆ ఇద్దరేరీ? అటునుంచి కాసేపు మాట లేదు.

‘‘నాన్న...’’ అంది.

సంగతేమిటంటే, బుధవారం స్కూలు వదిలాక వీళ్ల క్లబ్బు. పిల్లను తీసుకెళ్లడానికొచ్చే మా మేనల్లుడు మెల్లగా గదిలోకీ రావడం మొదలెట్టాడు. మొదట పిజ్జా తెచ్చాడు, ఎవరూ వద్దనలేదు. తర్వాత ప్రశ్నపత్రం తెచ్చాడు. ఆ తర్వాత పాస్టరుగారిని తెచ్చాడు. ఆయన ప్రసంగం నలభై నిమిషాలు. మరుసటి వారం ఇద్దరు రాలేదు.

మా చిన్నప్పుడు మిషన్ స్కూల్లో గంట కొడితే ప్రార్థన. మాస్టారు కళ్లు మూయమంటే మూసేవాళ్లం. అలా పెరిగిన మాకు పిల్లలు వాళ్లంతట వాళ్లే కూర్చుని బైబిలు చదువుకుంటారంటే నమ్మకం కుదరదు. మా వాడి తప్పేముంది!

కానీ అమెరికా ప్రభుత్వ స్కూళ్ల తీరు వేరు. అక్కడ స్కూలు ఏ మతాన్నీ భుజానెత్తుకోకూడదు. అలాగని పిల్లల నోరూ నొక్కకూడదు. 1985లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో బ్రిడ్జెట్ మెర్జెన్స్ అనే విద్యార్థిని తన హైస్కూల్లో క్రైస్తవ క్లబ్బు పెట్టుకుంటామంది. ఎవరైనా రావచ్చు, బలవంతం లేదు అంది. ఆ స్కూల్లో అప్పటికే ముప్ఫై దాకా క్లబ్బులున్నాయి. చదరంగానికొకటి, నీళ్లలో మునిగి ఈదేవాళ్లకొకటి. దీనికి మాత్రం కుదరదన్నారు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1990 జూన్‌లో ఎనిమిదిమంది జడ్జీలు ఆ అమ్మాయి పక్షాన, ఒక్కరు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అప్పటికి ఆమె స్కూలు వదిలి ఏళ్లయింది. క్లబ్బు తర్వాతివాళ్లకు దక్కింది.

ఆ తీర్పుకి ఆధారం 1984 నాటి చట్టం. పాఠాలతో సంబంధంలేని క్లబ్బు ఒక్కదానికి చోటిచ్చినా, మతం పేరు చెప్పి ఇంకోదాన్ని హైస్కూలు కాదనకూడదు. క్రైస్తవులకే కాదు, హిందూ, ముస్లిం పిల్లలకూ, దేవుణ్ని నమ్మనివాళ్లకూ అదే హక్కు. అయితే మెలిక ఒకటుంది. క్లబ్బు పిల్లలే పెట్టాలి, పిల్లలే నడపాలి. గదిలో ఉండే టీచరు కూడా ఓ మూల పేపర్లు దిద్దుకోవచ్చుగానీ ప్రార్థనలో కలవకూడదు. బయటివాళ్లు నడిపించకూడదు, అదేపనిగా రాకూడదు. పాస్టరుగారైనా అంతే, కన్నతండ్రైనా అంతే.

ఇదంతా మేనల్లుడికి ఫోనుచేసి చెప్పాను. వాడికి కోపమొచ్చింది. ‘‘నేను లేకపోతే అది ముగ్గురితో ఏం చేస్తుంది మామయ్యా?’’ అన్నాడు.

‘‘నువ్వుంటే ఒక్కతే మిగులుతుందిరా’’ అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, ఠక్కున పెట్టేశాడు.

పిల్లకు మాత్రం ఒక్కటే చెప్పాను. ‘‘వచ్చే ఏడాదితో నీ చదువూ అయిపోతుంది. తొమ్మిదో తరగతి వాళ్లలో ఒకర్ని ఇప్పుడే పట్టుకో. చదివించడం వాళ్లకప్పగించు. తడబడితే తడబడనీ, నువ్వు అందుకోకు.’’ అందుకోకుండా ఉండటమే కష్టం తాతయ్యా అంది. తండ్రి పోలిక మరి!

పోయిన బుధవారం ఆరుగురొచ్చారట. మానేసిన ఇద్దర్లో ఒకడు తిరిగొచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు కొత్త. అందులో ఒకమ్మాయి చదువుతూ చదువుతూ రెండు పేజీలు ఒకేసారి తిప్పేసిందట. ఎవరూ గమనించలేదని మనవరాలు ఒకటే నవ్వు.

రాత్రి మేనల్లుడే ఫోను చేశాడు. ‘‘గంటసేపు కారులోనే కూర్చున్నాను మామయ్యా. లోపల ఏం చదివారే అంటే, రేపు చెబుతాలే అంటోంది’’ అన్నాడు.