చెగ్యాం పెళ్లి ఏ డబ్బాలో ఉంది?

పోయినేడు శ్రావణంలో ముంపు కాలనీ నుంచి ఒకావిడ మా ఇంటికొచ్చింది. వెల్గటూర్ బస్టాండు దగ్గర నేను సీడీల దుకాణం నడిపిన రోజుల్లో ఆమె పెళ్లికి వీడియో తీసింది నేనే. "అన్నా, మా పెండ్లి సీడీ నీ తాన ఇంకా ఉన్నదా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మాది ఏడనో పోయింది" అంది. 2004లో చెగ్యాంలో, ఆమె తల్లిగారింట్లో జరిగిన పెళ్లి. ఆ ఇల్లూ ఆ వాడా ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లకింద ఉన్నాయి.

ఉందన్నాను. ఎక్కడుందో మాత్రం మూడు రోజులు వెతికితే గాని తెలియలేదు.

దుకాణం మూసినప్పుడు ఇంటికి చేరిన డిస్కులు 1,300 పైచిలుకు. సినిమాలన్నీ అద్దాల బీరువాలో, హీరోల వారీగా, ప్లాస్టిక్ డబ్బాల్లో నిటారుగా నిలబడి ఉంటాయి. కిరాయికి తిరిగిన సరుకు కదా, ఎవరేది అడిగినా నిమిషంలో తీసిచ్చేవాణ్ని. (అసలువా, నకిలీవా అని ఇప్పుడు అడక్కండి.) పెళ్లిళ్లు, ఒగ్గు కథలు, బడి వార్షికోత్సవాలు, ధర్మపురి బ్రహ్మోత్సవాలు మాత్రం కాగితం కవర్లలో, టీవీ వచ్చిన అట్టపెట్టెల్లో, సజ్జ మీద. పైన రేకులు. మే నెలలో మా వైపు 45 డిగ్రీలు కొత్త కాదు.

నా తెలివితక్కువతనం ఇదే. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతూ ఉంటుంది. రంగుల అట్ట ఉన్న డిస్కుకు బీరువా, చేతిరాత ఉన్న డిస్కుకు సజ్జ. ఆ సినిమాల్లో చాలావరకు ఈవేళ ఫోన్ నొక్కితే వస్తాయి. చెగ్యాం పెళ్లి ఏ ఫోన్‌లో వస్తుంది?

అప్పట్లో ఒక్కో పెళ్లికి నాలుగు సెట్లు కొట్టేవాణ్ని. పిల్ల ఇంటికొకటి, పిలగాడి ఇంటికొకటి, నా దగ్గరొకటి. నాలుగోది దుబాయికో మస్కట్‌కో పోయేవాడి సంచిలో పడేది. సెలవు దొరకని అన్న, చెల్లె పెళ్లిని అక్కడి రూములో చూసుకునేవాడు. చావులు కూడా తీశాను. కొడుకు రాలేడని తెలిసి, తండ్రి పాడె ముందు కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిన రోజులున్నాయి. అలాంటి డిస్కును ఎవరూ రెండోసారి పెట్టుకుని చూడరు, పారేయనూ పారేయరు.

చెగ్యాం పెళ్లి మూడు వీసీడీలు. మొదటిది పందిరి, ఎదుర్కోళ్లు. రెండోది జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. మూడోది అప్పగింతలు. చివరి రెండూ ఆడాయి. మొదటిది ప్లేయర్‌లో కిర్రుకిర్రుమని తిరిగి 'నో డిస్క్' అంది. తిప్పి చూస్తే కింద ఒక్క గీత లేదు. దెబ్బ పైవైపు తగిలింది. కింద మిల్లీమీటరుకు పైగా మందం ప్లాస్టిక్ కాపలా ఉంటుంది గాని, మనం పేరు రాసే వైపు సన్నటి లక్క పూత తప్ప ఏమీ ఉండదు. దాని కిందే బొమ్మంతా. నేనేమో అందానికని దాని మీద 'కల్యాణమస్తు' స్టిక్కరు అతికించాను. వేడికి అది ముడుచుకుని లేస్తూ పొరను కూడా లేపుకుపోయింది. మా మండలంలోనే కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి బయటికొచ్చాయి. నా డిస్కు ఇరవై ఏళ్లకు చేతులెత్తేసింది.

పాత కంప్యూటర్ డ్రైవులో పెట్టి, చదవలేనిచోట ఆగిపోకుండా దాటిపోయే సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి పదకొండు నిమిషాలు దక్కాయి.

ఆ తర్వాత సజ్జ మీది పెట్టెలన్నీ దింపాను. సినిమాల జోలికి పోలేదు. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో ఉండే డాట్ ఫైలు, డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం. వీటిని కాపీ చేసుకుంటే చాలు. డాట్ ఫైలు టీవీలో ఆడకపోతే దాని పేరు చివర ఎంపీజీ అని మార్చండి, చాలాసార్లు ఆడుతుంది. సీడీ 700 ఎంబీ, డీవీడీ 4.7 జీబీ. వెయ్యి సీడీలున్నా ఒక్క టెరాబైట్ హార్డ్ డిస్కులో ఇంకా చోటు మిగులుతుంది. అలాంటివి రెండు తీసుకుని, రెండోదాన్ని కరీంనగర్‌లో బిడ్డ ఇంట్లో పెట్టాను.

కోరుట్లలో నా దోస్తొకడు సౌదీ నుంచి 400 డిస్కులు పట్టే ఛేంజర్ తెచ్చుకున్నాడు. నంబరు నొక్కితే లోపల చక్రం తిరిగి ఆ డిస్కునే తీసి ఆడించేది. వింతగా చూసి వచ్చాం. కొన్నేళ్లకు మోటారు పట్టేసింది. నాలుగు వందలూ లోపలే. స్క్రూడ్రైవర్‌తో విప్పి తీస్తే, ఏ నంబరు ఏదో రాసుకున్న కాగితమే లేదు. అందుకే నేను రిజిస్టరు పెట్టాను. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, చివర్న సంవత్సరం. అడగొచ్చే వాళ్లకు తేదీ గుర్తుండదు, ఊరు గుర్తుంటుంది. ఫైళ్లకూ అవే పేర్లు.

ఈ డిస్కుల కాపీ ఒక్కొక్కరు ఇంట్లో చేసుకునే పనేమీ కాదిప్పుడు. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు. రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. యూఎస్‌బీకి తగిలించే డ్రైవు రెండు మూడు వేలకు ఇంకా దొరుకుతోంది. మండలానికొక గ్రంథాలయంలో అలాంటిదొకటి, వారానికి రెండు సాయంత్రాలు కూర్చునే పిలగాడొకడు ఉంటే చాలు, సజ్జల మీది పెట్టెలు కిందికి దిగుతాయి. పోటీ పరీక్షల పుస్తకాలకు ఇచ్చే చోటులో ఒక మూల ఇస్తే సరిపోతుంది.

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి చెగ్యాం ఆవిడను పిలిచాను. పందిరి గుంజలు, జాజు పూసిన గడప, వెనక కట్టేసిన బర్రె. "ఆపు ఆపు" అంది. ముఖమంతా పసుపుతో తనే నిలబడి ఉంది గాని, ఆమె చూసింది వెనక గోడను. బొగ్గుతో నిలువు గీతలు. "మా బాపు రాసిన పాల లెక్క" అంది. లేచి టీవీ దగ్గరికి పోయింది. అడ్డంగా 352 చుక్కలుండే వీసీడీ బొమ్మ, గీతలన్నీ అలికినట్టున్నాయి. అయినా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయింది.