ఒకే పరిశ్రమ నీడలో

గత మాసమున మన డిట్రాయిట్ ప్రాంతపు కార్ల సంస్థల విద్యుద్వాహన విభాగములనుండి వెలువడిన తొలగింపు ఉత్తరువులు మన తెలుగు సంఘ సభ్యుల ఇండ్లలో ఎంతటి కలవరము పుట్టించినవో చెప్పనక్కరలేదు. భార్యాభర్తలిరువురును ఒకే సంస్థను నమ్ముకొన్నచోట ఉద్యోగము పోయిన వీసాదారునకుండు 60 దినముల గడువును వ్రేళ్లమీద లెక్కించుకొనుచు గడిపిన రాత్రులు మనకు తెలియనివి కావు.

డిట్రాయిట్ మొదటినుండియు ఇట్లు రెండుమూడు మహాసంస్థల దయమీద బ్రతికినది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఇచ్చట చిన్న యంత్రశాలలు కోకొల్లలుగా నుండెను. డాడ్జి సోదరులు ఓల్డ్స్‌కును, 1903 నుండి ఫోర్డుకును యంత్రభాగములు చేసి యిచ్చి, ఆ నేర్పుతోనే 1914లో సొంత కారును బజారునకు తెచ్చిరి. పిమ్మట మూడు సంస్థలే మిగిలినవి. తక్కినవారు వాటి కొలతలకు భాగములు చేయుటతో తృప్తిపడిరి. 2009లో ఆ మూటిలో రెండు, 2013లో నగరమే దివాలా తీయుట చూచితిమి. ఇట్లే బోస్టను పరిసరముల కంప్యూటరు సంస్థలు తలుపులు బిగించుకొని క్షీణింపగా, పోటీసంస్థకు పోరాదను షరతును 1872 నాటి చట్టమే చెల్లనీయని కాలిఫోర్నియా ఎట్లు వర్ధిల్లినదో ఆనాలీ సాక్సేనియన్ 1994లో వ్రాసిన గ్రంథము చదువదగినది.

నన్ను నిలువనీయనిది వేరొకటి. పిట్స్‌బర్గును న్యూయార్కుతో పోల్చుచు 1961లో బెంజమిన్ చినిట్జ్ అను అర్థశాస్త్రజ్ఞుడు, ఉక్కు సంస్థల జీతగాండ్ర ఇండ్లలోకంటె బట్టలు కుట్టించి అమ్ముకొనువారి ఇండ్లలో పెరిగిన బిడ్డలకే సొంత వ్యాపారపు చొరవ అలవడునని ఊహించెను. మన బిడ్డలు భోజనముల వేళ వినునదేమి? బోనసు, ప్రమోషను, గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేటు! రైసుమిల్లులు, పొగాకు బ్యారన్లు నడిపి, ఒక యేడు పోగొట్టుకొని మరుయేడు రాబట్టుకొన్న తాతల మనుమలమైయుండియు, వ్యాపారము గుజరాతీల సొత్తనియు మనకు చదువు చాలుననియు చెప్పుకొనుచున్నాము. ఉద్యోగమునకు తానై రాజీనామా యిచ్చి, నోవైలో అద్దె షెడ్డున బ్యాటరీలను చల్లబరచు పలకలను పరీక్షించు పరికరము చేయుచున్న యువకుని తల్లిని సంక్రాంతి పంక్తిలోనే, "అబ్బాయి ఉద్యోగం పోయిందటగా వదినా, పాపం!" అని పరామర్శించినవారు మనలోనివారే; కుదరబోవు సంబంధము కూడ ఆ మాటతో వెనుకకు పోయెను. మొన్న ఉద్యోగము పోయిన మన సభ్యు నొకరిని పనికి పిలిచినది ఆ షెడ్డే యని ఆ పరామర్శకులు తెలిసికొందురు గాక! పత్రములు చేతికి రానివారిని నేననుట లేదు. వారి సంకెళ్లు వేరు. పౌరసత్వము వచ్చి, ఇంటి అప్పు తీరినవారైనను బిడ్డ సొంత పని యనగానే ముఖము చిట్లించుట మానుడని బ్రతిమాలుకొనుచున్నాను.

సంక్రాంతికి తెల్లవారకముందే లేచి పులిహోర కలిపిన సోదరీమణులకును, చలిలో బల్లలు మోసిన యువకులకును కృతజ్ఞతలు. ఉద్యోగము కోల్పోయిన కుటుంబములకు ఈ యేటి సభ్యత్వ రుసుము లేదు. తక్కినవారు బకాయిలు చెల్లింప ప్రార్థన. ఉగాదినాడు భోజనానంతరము, సొంత సంస్థలు పెట్టినవారికి తమ పనిని చూపుకొనుటకు హాలు వెనుక గదిలో బల్లలు ఉచితముగా నీయబడును. పేర్లు మాసాంతములోగా కార్యదర్శికి తెలుపవలెను. పిల్లలను ఆటలకు పంపివేయక ఆ గదికి గూడ తోడ్కొని రండు.