రెండు రిజిస్టర్ల నడుమ పల్లె పాస్టరు



మన సంఘం మీటింగుల్లో పాస్టర్ల ప్రస్తావన వస్తే చాలు, ఒకరిద్దరు కిసుక్కున నవ్వుతారు. "హల్లెలూయా బ్యాచీ, వాళ్లతో ఏం పని?" అంటారు. పాస్టర్ల కూటాల్లో మన ప్రస్తావన వస్తే వాళ్లూ అట్లాగే మొహం తిప్పుకుంటారు. "ఉద్యమాలు లోకసంబంధమైనవి, మనకెందుకు?" అంటారు. ఈ ఇద్దరూ ఒకే పల్లెలో పుట్టినవాళ్లు, ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే లాభం ఎవరికి?

వినుకొండ నుంచి బొల్లాపల్లి వైపు పోండి, నూజెండ్ల వైపు పోండి, ఈపూరు, శావల్యాపురం పోండి. ఏ మాదిగపల్లెలో చూసినా, ఏ మాలపల్లెలో చూసినా ఒక రేకుల షెడ్డు, దాని మీద సిలువ, ఒక మైకు. దాన్ని నడిపేది ఎవరు? అమెరికా దొరలా? కాదు. వారంలో నాలుగు రోజులు బేల్దారి పనికో, సున్నాలేసే పనికో పోయి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కునే మన కూలివాడే. ముప్పై గడపల సంఘం ఎంత కానుక వేస్తుంది? పది రూపాయల నోట్లు, ఆడవాళ్లు వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, ఏ మొక్కుబడికో ఒక కోడి. మిరపకోతల రోజుల్లో పల్లెకు పల్లే కోతలకు పోయినప్పుడు అదీ ఉండదు. పాస్టరమ్మ కూడా కోతకు పోవాల్సిందే. దశమభాగం గురించి టీవీల్లో కోట్లు పెట్టి బోధించే వాళ్లు వేరే, వీళ్లు వేరే. ఆ కార్ల పాస్టర్లను చూసి ఈ సైకిలు పాస్టర్లను తిట్టటం, షావుకారును చూసి బడ్డీకొట్టువాణ్ణి తిట్టినట్టుంటుంది.

ఈ చిన్న చర్చి మన పల్లెలోకి ఎట్లా వచ్చిందో మన పిల్లలకు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన కన్నా ముందే మనవాడు యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, యోగం నేర్చిన గురువు. 1866లోనే బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పింది ఆయన. ఒంగోలు పెద్దకులాల వాళ్లు దొర దగ్గరకొచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేము రామన్నారు. దొర మాదిగల పక్కన నిలబడ్డాడు. పల్లెలో చేరినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వీటిని భక్తి సంగతులు అనుకుంటే పొరపాటు. ఆసామి పిలిస్తే ఆదివారం రామని చెప్పటం ఏంది? అది సమ్మె. చచ్చిన గొడ్డు ముట్టం, జాతరలో డప్పు కొట్టం అనటం ఏంది? వెట్టిని తోసెయ్యటం. అందుకే ఊళ్లల్లో కరణాలు, మునసబులు మండిపడ్డారు. బావులు మూసేశారు, కొట్లల్లో సరుకు ఇవ్వద్దన్నారు, చాకలిని ఆపేశారు. మన తాతలు ఓర్చుకున్నారు.

"కరువులో గంజి కోసం మతం మారారు" అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించాడు. మన్ను మోసి తిన్నారు, ఊరికే తినలేదు. పైగా ఆ కరువు కాలమంతా, పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి ఆగాకే గుండ్లకమ్మలో దిగారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. అదే గుండ్లకమ్మ మన వినుకొండ అంచున కూడా పారుతుంది. 1880ల్లో వినుకొండలోనే మిషను స్టేషను పెట్టారు. ఆ రోజుల్లో పల్లె పాస్టరూ పల్లె పంతులూ చాలాచోట్ల ఒక్కరే. అట్లాంటి పాస్టరు కొడుకే 1895లో ఇక్కడ పుట్టిన గుర్రం జాషువ. తండ్రి గొల్లవాడు, తల్లి మాదిగ. కులం ఊళ్లో అవమానించింది, పురాణ కథలు రాశాడని చర్చి గొణిగింది. ఆయన రెంటికీ లొంగలేదు. 1941లో గబ్బిలం రాశాడు.

బడిలో పాతికేళ్లుగా అ, ఆలు దిద్దించే మాకు ఒక సంగతి బాగా తెలుసు. మన పల్లెల్లో కొందరు ముసలమ్మలు ఏ వయోజన విద్యా కేంద్రానికీ పోలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తెలిసిన పాట మీద వేలు జరుపుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నారు. ఆసామి ముందు తలెత్తని మనిషి ఆదివారం మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతుంది. పదిమందిలో నోరు తెరవటం ఆమెకు అక్కడ అలవాటయింది. మన సంఘాలకు వచ్చే ఆడవాళ్లలో గట్టిగా మాట్లాడేవాళ్లు ఎక్కడ తయారయ్యారో ఒకసారి అడిగి చూడండి. అర్ధరాత్రి పురుగు కరిస్తే ముందు తలుపు కొట్టేది పాస్టరయ్య ఇంటిదే. కాన్పుకు ఆటో మాట్లాడేది ఆయనే, శవాన్ని గుంటలో దించేదాకా ఉండేదీ ఆయనే. తాగుడు మానిపించిన కొంపలు ఎన్నో. ఇదే ఆయనకు దక్కే జీతం. ఇది చాలని ఆ ముప్పై గడపల్ని పట్టుకుని ఇరవై ఏళ్లు ఉండిపోయినవాళ్లు మన మధ్యనే ఉన్నారు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు తరిమిన జనం ఎక్కడికి చేరారు? చీరాల చర్చి ఆవరణకు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలల్ని నరికితే మిగిలినవాళ్లు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ చర్చిలో తలదాచుకున్నారు. మతం మత్తుమందు అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లం ఆ ఆవరణల్లోనే శిబిరాలు నడిపాం కదా!

ఇక అసలు చిక్కు. ప్రతి జూన్‌లో బడిలో చేర్చుకునేటప్పుడు తల్లి మా టేబులు ముందు నిలబడి గొంతు తగ్గించి అడుగుద్ది: "ఏమని రాస్తారు సారూ?" బిడ్డ పేరు సువార్త. మతం గడిలో క్రైస్తవం అని రాస్తే ఎస్సీ పోయి బీసీ-సీ అయిద్ది. ఆ గ్రూపుకు రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. హిందూ అని రాస్తే పాస్టరయ్య దగ్గరున్న బాప్తిస్మం పుస్తకం వేరే మాట చెబుతుంది. ఒకే పిల్లకు రెండు రిజిస్టర్లు. అందుకే చాలా పల్లెల్లో పాస్టర్లు బాప్తిస్మం పుస్తకమే రాయటం మానేశారు. సంఘంలో ఎంతమంది అని అడిగితే చేతివేళ్లు చూపిస్తారు. ఈ చాటుమాటు మనవాళ్ల కపటం అంటారు కొందరు. కాదు, దీన్ని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా పుట్టించింది. హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింల్నీ బయటే ఉంచారు. 1977లో మన రాష్ట్రం జీవో 341 ఇచ్చింది. రుణాలూ, హాస్టళ్లూ లాంటి వాటికి మాత్రం పనికొచ్చింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ అడ్డు తీసెయ్యమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2022లో కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు గడువు మీద గడువు పొడిగించుకుంటూ పోయారు.

దీని దెబ్బ అందరికన్నా ముందు తగిలేది పాస్టరుకే. గుంటూరు ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు తన్ను కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ కేసు పెట్టాడు. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ కాడు, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా లెక్కలోకి రాదంది. క్రైస్తవంలో కులం లేదట! ఆ మాట తిట్టినోడికి ఎవరన్నా చెప్పారా? వాడు పల్లెను చూసి తిట్టాడు, బైబిలు చూసి కాదు. ఇంకో సంగతి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవవేతనం ప్రకటిస్తే, తీసుకునేవాళ్లలో ఎస్సీ సర్టిఫికెట్లు ఉన్నాయని ఢిల్లీ దాకా ఫిర్యాదులు పోయాయి. ఆ 5 వేల కోసం పెట్టుకున్న దరఖాస్తే, నేను పాస్టర్నని ఆయన చేత్తో ఆయన రాసిచ్చిన కాగితం అయింది.

పాస్టర్లకూ రెండు మాటలు చెప్పాలి. వంద గడపల పల్లెలో నాలుగు చర్చిలు ఏందయ్యా? మాలపల్లె మందిరంలోకి మాదిగ రాడు, మాదిగపల్లె మందిరంలోకి మాల రాడు. టౌనులో పెద్దకులం విశ్వాసి పక్కన కూర్చుని పాట పాడతాడు, పిల్లనిచ్చే దగ్గర కులం అడుగుతాడు. దాని మీద ఒక్క ప్రసంగం చెప్పరు. మందిరం స్థలం ఎవరి పేర ఉంది? పాస్టరు పేరనో, ఎక్కడో ఉన్న ట్రస్టు పేరనో ఉంటుంది. రేపు ఆయన కొడుకు అమ్ముకుంటే పల్లె ఏం చేసుద్ది? 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చారు. పెద్ద సంస్థకు వచ్చిన డబ్బు కింద చిన్న సంఘానికి పంపకూడదన్నారు. దాంతో చాలామందికి నెలనెలా వచ్చే సాయం ఆగింది. పిడికెడు బియ్యం మాత్రం ఆగలేదు. కాబట్టి లెక్క చెప్పాల్సింది ఆ బియ్యం పెట్టిన ఆడవాళ్లకే. స్థలాన్ని 2001 సొసైటీల చట్టం కింద పల్లెవాళ్లు సభ్యులుగా ఉన్న సంఘం పేర మార్చండి. కమిటీలో సగం మంది ఆడవాళ్లను పెట్టండి.

మన ఆర్గనైజర్లను అడిగేది ఇంకొకటి. పాస్టరు మీద చెయ్యి చేసుకున్నారని కబురు వస్తే, అట్రాసిటీ చట్టం వర్తించదట అని ఇంట్లో కూర్చోవద్దు. కొట్టటం, బెదిరించటం, ఇంటి మీద పడటం ఎవరి మీద చేసినా మామూలు నేరాలే. వాటి మీద ఎఫ్ఐఆర్ కట్టించాలి. అదే గొడవలో దెబ్బలు తిన్న ఎస్సీ సభ్యులు ఉంటే వాళ్ల ఫిర్యాదు విడిగా, వాళ్ల పేరనే రాయించాలి. రాసే ముందు లాయరుకు చూపించాలి. పాస్టర్లను ఈ నెల మండల మీటింగుకు పేరుపేరునా పిలవండి. మాలపల్లె పాస్టర్నీ మాదిగపల్లె పాస్టర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టండి. మూడో పేరా తీసెయ్యాలనే తీర్మానం మీద మొదటి సంతకాలు వాళ్లవే ఉండాలి. జూన్‌లో బళ్లు తెరిచేలోపు ఆ కాగితం కలెక్టరుకు చేరాలి.