గుండె ఆగిందంటే సరిపోద్దా?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో నలభై దాటకముందే గర్భసంచి తీయించుకున్న మన ఆడోళ్ళు ఎంతమంది? లెక్కపెట్టడానికి చేతివేళ్ళు చాలవు. (2022లో జిల్లా పేరు ఎన్టీఆర్ అయింది. పేరే మారింది.) 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు తొమ్మిదిమందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద ముగ్గురికే. అందులో అవసరమై కోసిందెంత, డబ్బు కోసం కోసిందెంత అన్నది వేరే పోరాటం. ఇవాళ అడిగేదొక్కటే: కోసినాక మనిషి బతకడానికి ఏం చేస్తున్నారు?

మా వాడలో మిరపకాయలు కోసే అక్క ఒకామె. పట్నంలో ఆపరేషన్ చేశారు. మంచం దిగొద్దన్నారు. నాలుగో రోజు ఆటో ఎక్కించి పంపారు. నీళ్ళు తాగితే చీము పడుద్దని మనోళ్ళు గొంతు ఎండబెట్టారు. ఎనిమిదో రోజు ఎడమ పిక్క వాచింది. వాతమనుకుని ఆముదం రాసి మర్దన చేశారు. ఆముదం తెచ్చింది ఎవరనుకున్నారు? డిగ్రీ చదివిన మేస్టార్ని, నేనే. పదో రోజు తెల్లారుజామున లేచి నాలుగడుగులేసి, ఆయాసమొచ్చి కూలిపోయింది. "గుండె ఆగింది" అన్నారు ఆస్పత్రోళ్ళు. చచ్చిన ప్రతి మనిషికీ గుండె ఆగుద్ది! ఎందుకాగిందయ్యా అంటే బయటికి పొమ్మన్నారు. పోస్టుమార్టం చెయ్యలేదు గనక రక్తపు గడ్డేనని నేను రుజువు చెయ్యలేను. కాదని వాళ్ళూ చెయ్యలేరు.

కోత పడ్డ ఒంట్లో రక్తం తొందరగా గడ్డకడుద్ది. కదలకుండా పడుకుంటే, నిలిచిన కాలవకి నాచు పట్టినట్టు, పిక్కల్లో గడ్డ తయారవుద్ది. అది తెగి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్కో ఇది 1850ల నాటికే చెప్పాడు. 1848లో సైలీషియాలో టైఫస్ జ్వరానికి బీదలు రాలిపోతుంటే, వీళ్ళకి కావలసింది చదువూ స్వేచ్ఛా అని సర్కారుకే రిపోర్టు రాసినవాడూ ఆయనే. మన డాక్టర్లు ఆయన గడ్డ పాఠం చదివి పాసయ్యారు. రిపోర్టు ఎవడు చదివాడు?

1975లో లండన్ డాక్టరు విజయ్ కక్కర్ బృందం నాలుగు వేల పైచిలుకు ఆపరేషన్ రోగుల మీద లెక్క తేల్చింది. హెపారిన్ సూది ఇవ్వనివాళ్ళలో 16 మంది ఊపిరితిత్తుల గడ్డతో పోతే, ఇచ్చినవాళ్ళలో ఇద్దరే. ఆ మందు పంది పేగుల్లోంచి తీస్తారు. పందులు మేపేవాణ్ణి చూసి ముక్కు మూసుకునే దొరగారికీ అదే సూది! అయినా 2012లో అచ్చయిన సర్వేలో, మన దేశంలోని పది ఆస్పత్రుల్లో గడ్డ ప్రమాదమున్నవాళ్ళలో నూటికి 17 మందికే సరైన రక్షణ దొరికింది.

సూది అందరికీ పనికిరాదు, రక్తస్రావం భయం ఉన్నోళ్ళకి కీడు. అది డాక్టరే తేల్చాలి. మరి నడిపించడానికేం ఖర్చు? ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మన చెయ్యి పట్టుకోడానికే కదా ఈ దేశానికి మనసొప్పంది! నర్సమ్మల్లో మనోళ్ళూ ఉన్నారు, నేను కాదన్ను. ముప్పై మంచాలకి ఒక్కర్ని పెడితే ఆమె ఎవర్నని నడిపిస్తది?

ఇంగ్లీషు కాయితం మీద వేలిముద్ర వేసేముందు అడగండి: గడ్డ కట్టకుండా ఏం చేస్తారు, సూది కావాలా, ఎప్పుడు లేపి నడిపిస్తారు? ఇదివరకు గడ్డ కట్టిందా, కేన్సర్ ఉందా, ఏం మాత్రలు మింగుతున్నారో దాచకుండా చెప్పండి. డాక్టరు సరేనన్నాక నీళ్ళు తాగించండి, పాదాలు ఆడించమనండి. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ప్రమాదం ఉంటది. ఒక కాలే వాచినా, పిక్క లాగినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా, ఛాతీలో నొప్పొచ్చినా, కఫంలో రక్తం పడినా కాలు పిసక్కండి, ఆ నిమిషమే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చూడమంటే సంఘానికి కబురు చెయ్యండి, అర్ధరాత్రయినా వస్తాం.